చెంప మీద మచ్చ

“పక్కు కట్టాక దాని మీద చెయ్యి వేశావంటే వీపు పగులుతుంది,” అంటోంది అక్క, సైకిల్ మీంచి పడొచ్చిన కూతురి మోకాలికి వాజలీన్ రాస్తూ. “దెబ్బ ఎండిపోకూడదు. కట్టు కింద మెత్తగా ఉంటేనే మచ్చ పడదు. మానాక కూడా ఎండ తగలనివ్వకు.”

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చెల్లెలు అక్కడే ఆగిపోయింది. చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్లింది. అలమర తలుపు గీసుకుని పడ్డ చిన్న గాటు, ఇప్పుడు వేలికి తగిలేంత మచ్చ.

“నాకలా చెప్పలేదే? కట్టొద్దు, ఎండలో ఆరనివ్వు, పక్కు కట్టగానే లాగెయ్ అన్నావు.”

అక్క చేతిలో దూది ఆగింది. “అప్పటికి నాకూ తెలీదే.”

“చర్మం డాక్టరు దగ్గర ఇన్నేళ్లుగా నర్సువి. నీకు తెలీదా?”

అక్క కూతుర్ని లోపలికి పంపేసింది. ఒక్క కాన్పులో పుట్టి, ఒక్క అచ్చులో పోసినట్టుండే ఇద్దరూ ఎదురెదురుగా మిగిలారు.

“నువ్వు నలుగురిలో కలిసేదానివి. చిన్నప్పటి నుంచీ అందరూ నన్ను నీ పేరుతోనే పిలిచారు. అమ్మ కూడా,” అంది అక్క, తలెత్తకుండా. “మొన్న అమ్మ నా చెంప వైపు చూసి, మొదటిసారి తడబడకుండా నా పేరు పిలిచింది.”

చెల్లెలు విడిచిన చెప్పులు మళ్లీ వేసుకుంది.

“ఒక్క మాట అడగాల్సింది. నేనే జుట్టు కత్తిరించుకునేదాన్ని కదా!”