అక్క చూసే కాగితాలు

ఏఐ కాదన్న ప్రతి వైద్య సాయం దరఖాస్తునూ ఒక మనిషి చదివి తీరాలని చట్టం. ఆ పని చేసే అక్క కిందటి నెల పోయింది. ఆమె స్థానంలోకి చెల్లెలు వచ్చింది.

ఒక రాత్రి ఆఫీసులో తనొక్కతే ఉంది. తలుపు వేసి వచ్చేసరికి, ఏఐ మాటే ఖాయమని తను సంతకాలు చేసేసిన కట్టలోంచి ఒక కాగితం పక్కకొచ్చి ఉంది. దాని మూల తడిగా ఉంది. వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పడం అక్క అలవాటు.

ఆ కాగితం చదివింది. ఊపిరి అందని పసిబిడ్డ. తప్పు ఏఐదే, కానీ కింద ఉన్నది తన సంతకం.

“చదవకుండానే పెట్టేశానక్కా, నిద్రొచ్చి...”

కళ్ళు తుడుచుకుని తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది. అక్కకు చూపు ఆనదని దీపం ఎదుటి ఖాళీ కుర్చీ వైపు తిప్పి, మిగతా కట్ట అటు జరిపింది.

కాసేపటికి మెల్లగా ఒక పేజీ తిరిగింది.