పచ్చ పడేదాకా

"తలుపు కొట్టొద్దు వదినా!"

రంగనాయకి ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగింది. "ఏం, కొడితే ఏమవుతుంది?"

"ఎర్రగా ఉండాది చూడు," అంటూ కుముదిని ఆడబిడ్డకూ తలుపుకూ మధ్యకు వచ్చింది.

తలుపు పక్కన గోడకు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద తెర అంటించి ఉంది. లోపల కోడలు హైమ కంప్యూటర్లో ఏం పని నడుస్తోందో బయటివాళ్ళకు చెప్పేది అదే. పచ్చగా ఉంటే పిలవొచ్చు. ఎర్రగా ఉంటే ఇంటి మీద పిడుగు పడినా పిలవకూడదు. ఇప్పుడు ఎర్రటి తెర మీద తెల్లటి అక్షరాలు కనిపిస్తున్నాయి: మీటింగ్, ఇంకా 25 నిమిషాలు.

"బాగుండాదమ్మా! మా కాలంలో అత్త కళ్ళు ఎర్రబడితే కోడలు భయపడేది. ఇప్పుడు కోడలి పెట్టె ఎర్రబడితే అత్త భయపడతా ఉండాది!"

"వాళ్ళ ఆఫీసు అట్ట. నేనేం చేసేది వదినా?"

రంగనాయకి తన కొత్తింటి గృహప్రవేశం పిలుపులకని వాషర్‌మెన్‌పేట్ నుంచి వచ్చింది. ఇంట్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ తన చేత్తో బొట్టు పెట్టి పిలవాలి. పత్రిక బల్ల మీద పెట్టి పోతే ఆ పిలుపు పిలుపే కాదు. గురువారం, ఒకటిన్నరకు రాహుకాలం. కుముదినికి బొట్టు పెట్టడం అయిపోయింది. ఇక హైమే మిగిలింది.

"కుంకుమ కాస్త కాయితంలో పెట్టి ఇయ్యి వదినా. నీ పేరు చెప్పి నేనే పెడతా."

"బొట్టు పార్సిల్ కడతారా ఎక్కడన్నా? రాహుకాలానికి ఇంకా టైముండాది. కూర్చుంటా." రంగనాయకి సరిగ్గా తెరకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

కుముదిని మజ్జిగ తెస్తానని వంటింట్లోకి నడిచింది.

తలుపు వెనక హైమ గదిలో ఎవరూ లేరు. కంప్యూటర్లో మీటింగ్ అని పెట్టేసి, హైమ అన్నం క్యారియరు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడ ఆశ పురుడు పోసుకుని ఉంది. ఆశ ఎవరో కాదు, రంగనాయకి కన్నకూతురే. ఎన్నూరులో ఉండే పాల్‌రాజ్‌ను వద్దన్నా వినకుండా పెళ్ళి చేసుకున్నప్పటినుంచీ తల్లి ఆ పేరు ఎత్తలేదు. దాని గడప తొక్కినవాళ్ళు నా గడప తొక్కనక్కర్లేదని ఇదే హాల్లో అందరి ముందూ చెప్పింది. చెబితే చేసే మనిషి. ఈ సంగతి బయటపడితే రేపటి గృహప్రవేశమే కాదు, కుముదిని మొగుడికీ వాళ్ళక్కకూ మధ్య రాకపోకలే ఆగిపోతాయి.

కుముదిని హైమకు ఫోను చేసింది. మోగింది కానీ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అదే వరస.

"పదకొండు నిమిషాలు," హాల్లోంచి బస్సు టైము చదివినట్టు చదివింది రంగనాయకి. "అవునే, మీటింగంటే మాట్లాడాల కదా? లోపల గొంతే వినపడలేదే?"

"ఈరోజు వినే మీటింగు వదినా," మజ్జిగ గ్లాసు అందిస్తూ అంది కుముదిని.

"వినే మీటింగా? అది మీ అన్నయ్యకు రోజూ నేను పెడతా ఉండానే!" రంగనాయకి తన మాటకు తానే నవ్వి, గ్లాసు ఎత్తబోయి ముక్కు ఎగబీల్చింది. "ఇల్లంతా వెల్లుల్లి వాసన. ఏం చేసినావు?"

"సుమ్మా... ఊరికే, వెల్లుల్లి కారం."

"బాలింతకు పెట్టేది కదా అది?"

"నా నోరు బాగలేదు. అందుకని."

రంగనాయకి మజ్జిగ కొంచెం కొంచెంగా తాగుతూ తెరనే చూస్తూ కూర్చుంది. కుముదిని కూడా తెరనే చూసింది. ఎనిమిది. ఐదు. రోజూ ఎప్పుడు పచ్చబడుతుందా అని ఎదురుచూసే మనిషి, ఇవాళ ఆ ఎరుపు అట్లాగే ఉండిపోతే బాగుండునని కోరుకుంది.

"ఒక్కోసారి పొడుగవుతాయి వదినా ఈ మీటింగులు. నువ్వు సుమ్మా ఎందుకు కాచుకోవాల? సాయంత్రం నేనే దాన్ని మీ ఇంటికి తీసుకొస్తా."

"రెండు నిమిషాలకు సాయంత్రం దాకా ఎందుకు?"

తెర మారింది. పచ్చటి తెర మీద 'ఖాళీ' అన్న మాట వచ్చింది.

రంగనాయకి కుంకుమ భరిణె పట్టుకుని లేచింది. కుముదిని తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"పచ్చ పడింది కదా. జరుగు."

"చీర... బట్టలు మార్చుకుంటా ఉందేమో వదినా."

"హైమా!" అని రంగనాయకి పిలిచింది. లోపలినుంచి పలుకు లేదు. మరోసారి పిలవలేదు. కుముదిని ముఖంలోకి కాసేపు చూసి, భరిణె మూత బిగించి చేతిసంచిలో పెట్టుకుంది.

"కోపం పెట్టుకోవద్దు వదినా," అంది కుముదిని. "అది చిన్నపిల్ల. పంపించింది నేనే. తప్పంతా నాదే. దాన్నేమీ అనొద్దు."

రంగనాయకి చెప్పులు వేసుకుని గుమ్మం దాటింది. కుముదిని వెనకాలే వెళ్ళింది. రెండు మెట్లు దిగి, గోడ పట్టుకుని రంగనాయకి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"నిన్న హైమ క్యారియరు ఎత్తుకొని ఆస్పత్రిలోకి పోతా ఉంటే, రోడ్డుకు ఆ పక్క నిలబడుకొని చూసినా. నాకు లోపలికి పోయే ధైర్యం లేకపోయింది. రాహుకాలమైతే కానీలే, ఇద్దరికీ ఆడికే పోయి బొట్టు పెడతా... మా ఆశ ఏ వార్డులో ఉండాది?"