పేరిచ్చినవాడు

ఇద్దరు సార్జెంట్లలో ఒకరు వెళ్ళాలి. ఎవరైనా తమంతట తాము పేరిస్తే సరే. లేకపోతే ఎవరు వెళ్ళాలో బోర్డు నిర్ణయిస్తుంది.

కమాండర్ హ్యాంగర్‌లోకి వచ్చి ఆ మాట చెప్పి వెళ్ళిపోయాడు. పాత రవాణా విమానాలను సర్వీసు నుంచి తప్పిస్తున్నారు. వాటితోపాటే వాటిని బాగుచేసే మనుషులనూ తగ్గిస్తున్నారు.

రాజగోపాల్, వీరభద్రం ఒకే ఏడాది కెనడా ఎయిర్‌ఫోర్సులో చేరారు. ఒంటారియోలోని ఈ బేస్‌కు వచ్చినప్పటినుంచీ ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే ఇంజిన్ల పని. బేస్ మొత్తంలో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే. సర్వీసులో రాజగోపాల్ కొన్ని నెలలు చిన్న. బోర్డు దాకా వెళితే పోయేది తన ఉద్యోగమేనని అతనికి తెలుసు. పూర్తి పెన్షన్ రావాలంటే ఇంకా కొన్నేళ్ళు పనిచేయాలి. కూతురు ధాత్రి అప్పుడే యూనివర్సిటీలో చేరింది.

ఆ వారమంతా అతనికి అన్నం సయించలేదు.

శుక్రవారం లంచ్ టైములో వీరభద్రం వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేను పేరిచ్చేశాన్రా."

"దేనికి?"

"వాలంటరీ రిలీజ్‌కి. నువ్వింక దిగులు పెట్టుకోకు."

రాజగోపాల్ శాండ్‌విచ్ పక్కన పెట్టేశాడు. "నీకేమన్నా పిచ్చా? శకుంతలకి చెప్పావా?"

"చెప్పా. మాకు పిల్లా జెల్లా లేరు. ఏదో ఒకటి చూసుకుంటాం. నీకు ధాత్రి చదువుంది."

రాజగోపాల్ లేచి హ్యాంగర్ వెనక్కి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చాడు.

వీరభద్రం, భార్య శకుంతల ఒంటారియోలోనే ఉన్న కేంబ్రిడ్జ్‌కు మారిపోయారు. అక్కడ ఫ్యాక్టరీలున్నాయి, వేర్‌హౌసులున్నాయి, పని దొరక్కపోతుందా అనుకున్నారు. కానీ అవి తెలంగాణ, ఆంధ్ర నుంచి విద్యార్థులు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులు. ఒక్క పార్ట్‌టైమ్ పని ఉందని తెలిస్తే చాలు, వీధి మలుపు దాకా లైను ఉండేది.

చలికాలంలో ఒకసారి రాజగోపాల్ డ్రైవ్ చేసుకుంటూ అతణ్ణి చూడ్డానికి వెళ్ళాడు. వీరభద్రం ఇంట్లో లేడు. శకుంతల చెప్పిన వేర్‌హౌస్‌కు వెళితే, బయట లైన్లో నిలబడి ఉన్నాడు. ముందూ వెనకా అందరూ పాతికేళ్ళు నిండని పిల్లలే.

"అంకుల్, మీరు కూడా స్టూడెంటేనా?" అని వెనకున్న అమ్మాయి అడుగుతోంది. అందులో వెక్కిరింత లేదు. నిజంగానే తెలియక అడుగుతోంది.

వీరభద్రం నవ్వి లైన్లో ఒక అడుగు ముందుకు జరిగాడు.

తిరుగు ప్రయాణంలో రాజగోపాల్ రెండుసార్లు కారు పక్కకు ఆపాల్సి వచ్చింది. ఆ లైన్లో ఉండాల్సింది తను. ఇంటికొచ్చి భార్య సీతాదేవితో ఆ మాటే అన్నాడు. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా కేంబ్రిడ్జ్ వెళ్ళేవాడు. వాళ్ళ వాకిట్లో మంచు తీసేవాడు, పాడైన కారు బాగుచేసేవాడు. వీరభద్రం ఎప్పుడూ ఏదీ అడగలేదు. దేనికీ వద్దనీ అనలేదు.

వేసవిలో వీరభద్రం ఫోన్ చేశాడు. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. డయాలసిస్ మొదలుపెట్టారు. దాతల కోసం వెయిటింగ్ అంటే ఏళ్ళు పడుతుందట.

"నాది ఇస్తాను," అన్నాడు రాజగోపాల్.

"వద్దురా," అన్నాడు వీరభద్రం. ఆ ఒక్కసారే అన్నాడు.

సీతాదేవి భయపడింది. "ఏమండీ, మీరు చేసేది బరువులెత్తే పని. రేపు మీకేమన్నా అయితే?"

"డాడ్, థింక్ అబౌట్ మామ్," అంది ధాత్రి.

"ఇవాళ మనం తింటున్న తిండి వాడు వదులుకున్నది," అన్నాడు రాజగోపాల్.

పరీక్షలన్నీ సరిపోయాయి. ఆపరేషన్ అయింది. వీరభద్రం ఒంట్లోకి వెళ్ళిన కిడ్నీ మొదటి రోజునుంచే బాగా పనిచేసింది. కానీ రాజగోపాల్‌కు కుట్లు చీము పట్టాయి. మళ్ళీ కోశారు. ఆ తర్వాత కడుపు గోడ బలహీనపడి హెర్నియా వచ్చింది. ఇక జన్మలో బరువులెత్తకూడదన్నారు.

ఎయిర్‌ఫోర్స్ డాక్టర్లు అతణ్ణి అన్‌ఫిట్ అన్నారు. పెన్షన్ పూర్తికాకుండానే, అన్నేళ్ళ సర్వీసు ఒక్క పూటలో ముగిసింది. ధాత్రి యూనివర్సిటీ మానేసి మార్కమ్‌లో ఒక ఆఫీసులో రిసెప్షనిస్టుగా చేరింది.

అయినా రాజగోపాల్ ఒక్కనాడూ పశ్చాత్తాపపడలేదు. ఎవరైనా జాలిపడితే, "వాడు బతికాడు, చాలు," అనేవాడు.

ఒక ఆదివారం శకుంతల చూడ్డానికి వచ్చింది. వీరభద్రం కోలుకున్నాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని దొరికింది. ఆ రోజు షిఫ్టు ఉండి రాలేకపోయాడట. ఆమె తెచ్చిన పులిహోర డబ్బా సీతాదేవికి ఇచ్చి, రాజగోపాల్ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. అతని పొట్టకు కట్టిన బెల్టు చూసి ఆమెకు దుఃఖం ఆగలేదు.

"ఊరుకో శకుంతలా. వాడు నాకు చేసినదాని ముందు ఇదెంత?" అన్నాడతను.

"నాకైతే అప్పట్లో ఆశ లేదు అన్నయ్యగారూ. ఆయనకే మీ మీద అంత నమ్మకం," అంది శకుంతల కళ్ళు తుడుచుకుంటూ. "రిలీజ్‌కి పేరివ్వడానికి ముందు వారమే బేస్ డాక్టరు ఆయన కిడ్నీలు పోతున్నాయనీ, ఎలాగూ సర్వీసులోంచి తీసేస్తారనీ చెబితే నేను ఏడుస్తూ కూర్చున్నా గానీ, 'భయపడకు, రాజగోపాల్‌దీ నాదీ ఒకటే బ్లడ్ గ్రూపు' అని ఆయన అప్పుడే అన్నారు."