ఆవలి గట్టు అల్లుడు

"ఏమే సుబ్బరత్నం, నీ మొగుడేమన్నా నీళ్లలో పడ్డాడా, కిందికి చూస్తున్నావు? ముందుకు చూసి నడువు!"

ఆరోగ్యస్వామి కేకకు వంతెన మీదున్న ఆరుగురూ ఉలిక్కిపడ్డారు.

చంద్రవంక లోయ మీద తెల్లదొరలు ఇనపతాళ్లతో కట్టించిన వంతెన అది. గాలికి ఊగుతుంది. ఒకేసారి ఆరుగురికి మించి ఎక్కకూడదు. ఎక్కనివ్వకుండా ఈవలి గట్టున కాపలా కాయడం ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం. భయపడేవాళ్లను ఎగతాళి చేయడం ఆయన సొంతంగా కలుపుకున్న పని.

1958 శ్రావణంలో ఒక ఉదయం అల్లుడు కృపాదానం ఆవలి గట్టు నుంచి వచ్చాడు. రెండు చేతులా తాళ్లు పట్టుకుని, చెమటలు కక్కుతూ.

"ఏందయ్యా పంతులూ, ఈనబోయే గేదె లాగా ఆ నడకేంది?"

కృపాదానం ఆవలి ఊరి బడిలో పంతులు. లూథరన్ గుడి మనిషి. ఆరోగ్యస్వామిది క్యాథలిక్ కుటుంబం. కూతురు మేరీ కోరి అతన్ని చేసుకుంది. పెళ్లికి తండ్రి వెళ్లలేదు. మనవడు పుట్టినా వెళ్లలేదు. వాళ్ల గుడి గంట వింటేనే తనకు తలనొప్పి అని ఊరంతా చెప్పుకున్నాడు.

"మేరీకి జొరం దిగటంలా మావా. డాక్టరు ఆశ లేదన్నాడు. నిన్ను చూడాలంటా ఉంది."

"నీ గడప తొక్కనన్నాగా."

"తొక్కొద్దులే. అరుగు మీదనే కూర్చో. మంచం అక్కడికే తెస్తా."

"ఇక్కడ కాపలా ఎవరు, మీ పాస్టరా?"

"నేనుంటా."

"నువ్వా! ఆరు దాకా లెక్కపెట్టటం వచ్చా?"

కృపాదానం వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చి కాళ్లు పట్టుకున్నాడు.

"రెండొందల అడుగులు మావా. పోయి చూసి వచ్చేయ్."

ఆరోగ్యస్వామి బీడీ ముట్టించాడు. "లూథరన్లకు మోకాళ్లు వంగుతయ్యే! చానా సంతోషం," అన్నాడు.

మూడోనాడు అల్లుడు రాలేదు. ఆవలి గట్టున గుడి గంట మోగింది. మేరీ పెట్టెను నలుగురు సమాధుల దొడ్డికి మోసుకుపోతుంటే ఆరోగ్యస్వామి ఈవలి నుంచే చూశాడు. చేతిలో బీడీ దానంతటదే ఆరిపోయింది.

"కూతురు సచ్చినా కదల్లా. ఏం పంతమే తల్లీ! అది గుండె కాదు, నాపరాయి," అని వంతెన ఎక్కడానికి వచ్చిన పున్నమ్మ మెటికలు విరిచింది.

ఆయన కాదనలేదు.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆరోగ్యస్వామి ఏ ఒక్కనాడూ ఆ వంతెన మీద కాలు పెట్టలేకపోయాడు.