నల్లా కట్టెయ్ తాతా!

“ఏవండీ, కౌంటర్ మనకే!”

ఫోన్ పెట్టేసి సాయిప్రియ షాపులోనే గిర్రున తిరిగింది.

రీచార్జ్ చేస్తున్న వేణుమాధవ్ కస్టమర్ నంబర్ మరిచిపోయాడు. “నిజంగానా?”

“కంపెనీ వాళ్లే ఫోన్ చేసి చెప్పారు. రేపే ప్రారంభం. మైకు కూడా పెడతారట!”

ఇద్దరికీ పెళ్లయి మూడు నెలలు. ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర వేణుమాధవ్‌ది చిన్న మొబైల్ షాపు. డిగ్రీ చదివిన సాయిప్రియకు ఒక ఫోన్ కంపెనీ తన ప్రచారంలో ఉద్యోగం ఇచ్చింది. మొబైల్‌లో ఇంటర్నెట్ ఎలా వాడాలో కస్టమర్లకు నేర్పడమే పని. భర్త షాపులోనే టేబుల్ వేసుకోమంది. జనం నేర్చుకుంటే అది శాశ్వత కౌంటర్ అవుతుంది. లేదంటే ఆమెను కూకట్‌పల్లి పంపేస్తారు.

కూకట్‌పల్లిలో ఉద్యోగం ఉంటుంది. ఒకే కప్పు చాయ్‌ని ఇద్దరూ సగం సగం తాగడం ఉండదు. అదీ ఆమె బెంగ.

మొదట్లో టేబుల్ దగ్గరికి ఎవరూ రాలేదు. నెట్ అంటేనే హడల్. వేలు తగిలితే చాలు, బ్యాలెన్స్ మాయమవుతుందని.

అప్పుడొచ్చాడు కృష్ణయ్య. చంకలో గొడుగు. చేతిలోని ఫోన్‌కి నెట్ బటన్ మీద ప్లాస్టర్ ముక్క.

“ఏందమ్మా, గీ బటన్ ముట్టుకుంటే పైసలు మింగుతున్నది! ఇది షాపా, దయ్యాల కొంపా?”

ఆ గొంతు రోడ్డు అవతలికి వినబడింది. లొల్లి అనగానే జనం మూగారు.

“తాతగారూ, కూర్చోండి. నెట్ అంటే మీ ఇంటి ముందు నీళ్ల నల్లా లాంటిది. ఈ బటన్ నొక్కితే తిప్పినట్టు. ఎర్ర బటన్ నొక్కితే కట్టేసినట్టు.”

“కట్టెయ్యకపోతే?”

“పోతూనే ఉంటుంది. అందుకే ముందు ప్యాక్ వేసుకోవాలి. ప్యాక్ అంటే బిందె. ఆ బిందెలో ఉన్నంతసేపూ మీ బ్యాలెన్స్ జోలికి రాదు.”

“మరి నేను పండుకున్నంక నెట్ కారుతనే ఉంటదా?”

జనం గొల్లుమన్నారు. సాయిప్రియ ఓపిగ్గా కట్టేసి చూపించింది. వెనక నుంచి బుర్ఖాలో ఉన్న ఒకామె తనకీ చెప్పమంటూ ఫోన్ ముందుకు చాచింది.

“బేటీ, మేరేకు భీ బతావ్ నా!”

మర్నాడు కృష్ణయ్య మళ్లీ వచ్చాడు. “వాన పడితే నెట్ తడుస్తదా?”

ఆ మర్నాడు, “మా పక్కింటోడు నా బిందెలకెళ్లి తోడుకుంటే ఎట్ల?”

అతను అరవగానే జనం రావడం, ఆమె చెప్పడం, వాళ్లు వినడం. ఒకతను కొడుకు ఇంటర్ రిజల్ట్ చూసుకున్నాడు. చెల్లెలి పెళ్లికని ఓ అమ్మాయి మెహందీ డిజైన్లు వెతుక్కుంది.

“నీ అభిమాని వస్తున్నాడోయ్,” వేణుమాధవ్ కన్ను గీటేవాడు.

“అభిమానా! నా పాలిటి శని,” అనేది సాయిప్రియ, పైకి నవ్వుతూ.

కంపెనీ ఆఫీసర్ చూడడానికి వచ్చిన రోజు కూడా కృష్ణయ్య హాజరు. అడిగిందీ మొదటి రోజు ప్రశ్నే.

“నేను పండుకున్నంక నెట్ కారుతనే ఉంటదా?”

సాయిప్రియ ప్రాణం ఉసూరుమంది. ఆమె నోరు తెరిచేలోపే జనమంతా ఒక్క గొంతుతో అరిచారు.

“నల్లా కట్టెయ్ తాతా!”

ఆఫీసర్ పకపకా నవ్వాడు. సాయిప్రియకు ఎక్కడలేని గర్వం వచ్చింది.

“చూశారా తాతగారూ, అందరికీ వచ్చింది, మీకు తప్ప! ఇక మీవల్ల కాదు, వదిలేయండి.”

కృష్ణయ్య కూడా నవ్వాడు. గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇవాళ కౌంటర్ ఖాయమైంది.

“బిడ్డా,” గుమ్మంలోంచి పిలుపు. చేతిసంచితో ఒక పెద్దావిడ. “నేను నాగమణమ్మను. రోజు నీతోని కొట్లాడెటోడు లేడా, కృష్ణయ్య, ఆయన ఇంటిదాన్ని.”

“రండమ్మా, కూర్చోండి. తాతగారు కనబడ్డమే లేదు?”

“ఇల్లు ఖాళీ జేసినం. జనగామల బిడ్డ దగ్గరికి పోతున్నం. ఆయన సామాన్ల లారీల పొద్దుగాలనే పోయిండు. నీకు చెప్పి రమ్మన్నడు. నా రైలుకు టైమయింది బిడ్డా, ఆయననే నెట్ల చూసి చెప్పిండు.”

సాయిప్రియ ఆగిపోయింది. “ఆయనకి నెట్ చూడడం వచ్చా?”

“నువ్వు చెప్పిన మొదటి రోజే వచ్చింది.”

“మరి రోజూ ఎందుకు గొడవపడ్డారు?”

నాగమణమ్మ ముసిముసిగా నవ్వింది.

“ఫస్టు దినం నిజంగనే కొట్లాడనీకె వచ్చిండు. ఇంటికొచ్చి, ‘పిల్ల మస్తు చెప్తున్నది, అడిగెటోడే లేడు’ అన్నడు. వెనకట సర్కారు బుర్రకథలు చెప్పిస్తుండె గదా, టీకాలు ఏయించుకోండని. మధ్యల తంబుర పట్టినాయన మెరవాలంటే, జనం సిగ్గుపడి అడగనియి పక్కన ఒకడు అడగాలె. ఊరూరా గట్ల తిక్క ప్రశ్నలడిగి నవ్విచ్చిన వంతగాడు మా ఆయననే. ఈడికెళ్లి ఇంటికొచ్చినంక, ‘ఇయ్యాల నా కథకురాలు మెరిసింది’ అని మురిసెటోడు.”

సంచి భుజానికేసుకుని ఆమె స్టేషన్ వైపు నడిచింది. సాయిప్రియ గుమ్మంలో నిలబడి, జనంలో కలిసేదాకా చూస్తూనే ఉంది.

“ప్రియా, రేపు మైకులో ఏం చెబుతావు?” మెల్లగా అడిగాడు వేణుమాధవ్.

ఆమె కళ్లు తుడుచుకుంది. అంతలోనే ముఖమంతా వెలిగింది.

“రేపు చెప్పేది మీరు.”

“నేనా? నలుగుర్లో నాకు నోరు పెగలదు కదా!”

“పెగులుతుందండీ. జనంలో నిలబడి తిక్క ప్రశ్నలు నేనడుగుతాగా.”