గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు

“మళ్లీ మాడింది. గీకి పారేసి ఇంకోసారి పెట్టండి,” అంది పుష్పవల్లి, మడత కుర్చీలోంచి కదలకుండా.

బసవపున్నయ్య గరిటెను ఇసుకలోకి విసిరికొట్టాడు. “ఇది మూడోసారి! చెయ్యి కాలింది, కనపడటం లేదూ?”

“కనపడుతోంది. మంట తగ్గించమని ముందే చెప్పాను.”

ఆయనకి ఒళ్లు మండిపోయింది. ఫిల్మ్‌నగర్‌లో నలభై ఏళ్లు ప్రొడక్షన్ మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. చిటికేస్తే టీ వచ్చేది, కేకేస్తే క్యారేజీ వచ్చేది. ఇంట్లోనూ అదే దర్జా. అలాంటివాణ్ని, ‘సముద్రం ఒడ్డున అభయారణ్యం, జింకలూ పక్షులూ, మూడు రోజులు గుడారంలో మనిద్దరమే’ అని ఊరించి తీసుకొచ్చింది పెళ్లాం. వచ్చాక ఆవిడ మహారాణి, ఆయన వంటవాడు. నిన్న గుడారం ఆయనచేతే కట్టించింది. పొద్దున్నే చొక్కాలు ఉతికించింది. బీపీ మాత్రలు సర్దుకోమని చెప్పి, బడిపిల్లాడి చేత ఎక్కాలు చెప్పించినట్టు వాటి పేర్లు అప్పజెప్పించుకుంది. తెచ్చిన బ్రెడ్డు కోతులు ఎత్తుకుపోతుంటే కనీసం అదిలించలేదు.

అటుగా వచ్చిన ఫారెస్టు గార్డు జగదీశ్‌కి నవ్వాగలేదు. “ఏం సార్, మేడమ్‌గారు గట్టిగానే పనిచేయిస్తున్నారే! మాడిన అన్నం బయట పడేయకండి, నక్కలొస్తాయి.”

“ఇంకా రావడమేంటయ్యా? ఒకటి కుర్చీలో కూర్చుంది!”

జగదీశ్ మెల్లగా జారుకున్నాడు.

“నాలుగొందల మందికి టైముకి భోజనం పెట్టినవాణ్ని నేను!” అని అరిచాడు బసవపున్నయ్య.

“పెట్టించారు. పెట్టలేదు. బియ్యం కడగండి.”

“చాల్లే! ప్యాకప్! ఇంటికెళ్లి నువ్వే వండు.”

“నలభై రెండేళ్లు వండాను. తిన్నావా అని ఒక్కరోజు అడిగారా?” ఆమె గొంతు కూడా లేచింది. మడచెట్ల పక్కన మేస్తున్న దుప్పి బెదిరి లోపలికి దూకింది. “గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు?”

“రెండు గ్లాసులు!”

“పొంగాక?”

“మంట తగ్గించాలి! తగ్గించి చస్తాను!”

నాలుగోసారి అన్నం పొడిపొడిగా వచ్చింది. కంచంలో పెట్టి ఆమె ముందు దభీమని పెట్టాడు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

బసవపున్నయ్య కోపం ఉన్నచోటే గడ్డకట్టింది. కూర్చున్నచోటు నుంచి లేవని పెళ్లాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. వంట, బట్టలు, మాత్రలు, అన్నీ ఇప్పుడే ఎందుకు? నెలరోజులుగా పనుందంటూ ఒక్కతే ఎటో వెళ్లొస్తోంది. అడిగితే చెప్పదు. ఆమె పక్కనే ఇసుకలో కూలబడ్డాడు.

“పుష్పా, దాచకు. డాక్టరేమన్నాడు?”

“ఏ డాక్టరు? నాకేం, గుండ్రాయిలా ఉన్నాను.”

“మరి ఇదంతా నాకెందుకు నేర్పుతున్నావు?”

పుష్పవల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఒకటో తారీకు నుంచి కృష్ణానగర్‌లో గది తీసుకున్నాను, నా ఒక్కదానికి.”