తోడేలు భయం

దొడ్డిలో మళ్లీ ఒక గొర్రె తగ్గింది.

నాగవేణి ఇంకోసారి లెక్కపెట్టింది. రెండు నెలల్లో ఇది తొమ్మిదోది.

"తోడేలే" అన్నాడు మొగుడు ధనుంజయ, ఫోన్లోంచి తల ఎత్తకుండా. "నల్లమల పక్కన కాపురం పెట్టుకోని ఏడిస్తే ఏమొస్తది?"

అవి ఆమెకు పుట్టింటివాళ్లు ఇచ్చిన గొర్రెలు. పుల్లలచెరువు పక్క ఎండు చేలు తిండి పెట్టవు. ఇద్దరు పిల్లలను సాకుతున్నది ఆ మందే. అదీ పోతే ఇల్లు మూసి కూలికి వలస పోవడమే.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం దొడ్డి కంప దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. ఊరివాడు కాదు. మొన్న కూడా వచ్చి, ధనుంజయను చూడగానే తప్పుకున్నాడు.

"మీ ఆయన లేడా తల్లీ?" గొంతు తగ్గించి అడిగాడు.

నాగవేణి ఒక అడుగు వెనక్కి వేసింది. మొగోడు లేని వేళ చూసుకుని వచ్చేవాడు మంచివాడెట్లా అవుతాడు?

ఒక్క మాట చెప్పాలంటూ ఆయన కంప తప్పించబోయాడు.

ఆమె కేక పెట్టింది.

ఊరు ఊరంతా వచ్చింది. గొర్రెల దొంగ దొరికాడన్నారు. మన ఊళ్లలో అంతే, చెయ్యి ముందు, చెవి తర్వాత. అందరికంటే ముందు కొట్టింది ధనుంజయే.

ముసలాయన పెదవి తుడుచుకున్నాడు. నాగవేణి వంక ఒకసారి చూసి డొంక దారి పట్టాడు.

"చూస్తివా? మన దొడ్డి దొంగల కంట్లో పడింది. మంద ఈడుంటే మిగల్దు" అన్నాడు ధనుంజయ. గిద్దలూరులో తన అన్న దొడ్డికి చేరుస్తానన్నాడు.

తెల్లారి మినీ లారీ వచ్చింది. భయం కొద్దీ నాగవేణే ఒక్కొక్క గొర్రెనూ ఎత్తి అందించింది.

మూడు రోజులైనా ధనుంజయ తిరిగి రాలేదు. ఫోను ఎత్తలేదు.

నాలుగో రోజు గొర్రెల బేరగాడు మస్తానయ్య వచ్చాడు. నాగవేణి అతన్నే ధనుంజయ సంగతి అడిగింది.

"ఫోన్లో పేకాటమ్మా. మందంతా అమ్మేసినాడంట. ముందు తొమ్మిదీ అట్ల పోయినవే. బేరం నేనే కుదిర్చినా, నీకు తెలుసనుకున్నా."

నాగవేణి కంప పట్టుకుని నిలబడింది. ముల్లు దిగినా తెలియలేదు.

"కాటమరాజు పెద్దాయన వచ్చి చెప్పలేదా?"

"ఎవరాయన?"

"యర్రగొండపాలెమాయన. ఆ తొమ్మిదీ కొన్నది ఆయనే. పుట్టింటోళ్లు బిడ్డకిచ్చే గొర్రెకు గుర్తుగా ఎడమ చెవి కోస్తారు గదా మీవాళ్లు, ఆ బిడ్డకు తెలీకుండా దాన్ని కొంటే పాపమంట. తొమ్మిదోది ఇంటికి తోలుకుపోయినాకే చెవులు చూసుకున్నాడు. నీ మొగుడు చూస్తే మళ్లీ అమ్ముకుంటాడని, నీ ఒక్కదానికే చెప్పి తొమ్మిదీ నీకు అప్పజెప్పనీకి వచ్చిన మనిషమ్మా."